కొత్తగా పుట్టిన సముద్రగర్భ వేడినీటి బిలానికి జీవులు ఎక్కడి నుంచి వస్తాయి?

మీరు అడిగినదాంట్లో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. రెండున్నర కిలోమీటర్ల లోతున లావా పొంగి అంతా మాడిపోయిన చోట, రెండు మూడేళ్లకే మనిషంత పొడవు గొట్టపు పురుగులు ఎలా వచ్చాయి? చీకట్లో వాటికి దారి ఎలా తెలుస్తుంది? అంత త్వరగా తిరిగి వచ్చేస్తుంటే సముద్రగర్భంలో గనులు తవ్వితే వచ్చే నష్టమేమిటి? మొదటి రెండూ సరిగ్గా అర్థమైతే మూడోదానికి జవాబు దొరుకుతుంది. అందుకే కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

సముద్రపు అడుగున బతికే జంతువుల లార్వాల మీద, అంటే గుడ్డు నుంచి వచ్చి నీళ్లలో తేలే పసి దశ జీవుల మీద, చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తుంటాయి: పెద్ద జీవులు పక్క బిలం నుంచి పాక్కుంటూ వస్తాయని ఒకటి, లార్వాలు వందల కిలోమీటర్ల దూరం నుంచి గంధకం వాసన పట్టుకుని వస్తాయని రెండోది. రెండూ నిలబడవు. గొట్టపు పురుగు ఒకసారి రాతికి అతుక్కుంటే చచ్చేదాకా అక్కడే ఉంటుంది. ఇక లార్వా అంటే చాలాసార్లు మిల్లీమీటరులో పదో వంతు, ఆ కాస్త అటూ ఇటూ. ప్రవాహానికి ఎదురీది వందల కిలోమీటర్లు వెళ్లే శక్తి దానికి లేదు. జిల్లేడు కాయ పగిలినప్పుడు దూదితో ఎగిరే గింజకు ఖాళీ నేల ఎక్కడుందో తెలియనట్టే, వీటికీ కొత్త బిలం ఎక్కడుందో తెలియదు. అవి ఎప్పుడూ నీళ్లలో కొట్టుకుపోతూనే ఉంటాయి. దాదాపు అన్నీ చచ్చిపోతాయి. సరిగ్గా తమకు దిగే శక్తి వచ్చిన సమయానికి గోరువెచ్చని నీటి మీదుగా వెళ్లిన కొద్ది లార్వాలే నిలుస్తాయి. కాబట్టి కొత్త బిలం దగ్గర ఏ జీవుల ఊరు వెలుస్తుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ఆ రోజుల్లో ఆ నీళ్లలో ఏ లార్వాలు ఉన్నాయి, ఆ బిలం రసాయనం వాటిలో దేన్ని బతకనిచ్చింది. ఈ మాటకు రుజువు ఒకే చోట, పదిహేనేళ్ల తేడాతో రెండుసార్లు దొరికింది. ఆ చోటు గురించే ఎక్కువ చెబుతాను.

ముందు నేపథ్యం. 1977లో గాలాపగోస్ దీవుల దగ్గర సముద్రపు పగులులో, సుమారు 2,500 మీటర్ల లోతున, ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి వేడినీటి ఊటలను, అంటే ఈ బిలాలను, మొదటిసారి చూసింది. ఆ యాత్రలో ఉన్నది భూవిజ్ఞానులు, ఒక్క జీవశాస్త్రవేత్త కూడా లేడు. అక్కడ అన్ని జంతువులు ఉంటాయని ఎవరూ ఊహించలేదు మరి. తెచ్చిన నమూనాలు నిల్వ చేయడానికి ఫార్మలిన్ సరిపోక వోడ్కాలో ముంచారు. 1979లో జీవశాస్త్రవేత్తలు వెళ్లారు. అదే ఏడాది మెక్సికో దగ్గర, 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద, సుమారు 380 డిగ్రీల వేడితో నల్లటి పొగలా నీళ్లు చిమ్మే చిమ్నీలు కనిపించాయి. వాటికి బ్లాక్ స్మోకర్లని పేరు వచ్చింది. చాలామంది పొరబడేది ఇక్కడే. జంతువులు ఆ 380 డిగ్రీల నీటిలో ఉండవు. రాతి పగుళ్లలోంచి మెల్లగా ఊరే, చల్లటి సముద్రపు నీటితో కలిసిన గోరువెచ్చని నీటి దగ్గర ఉంటాయి. చుట్టుపక్కల నీళ్లు 2 డిగ్రీలు. బిలం నీళ్లు చాలాచోట్ల 30 డిగ్రీల లోపే.

అక్కడి ఆహారం సూర్యుడి నుంచి వచ్చేది కాదు. బిలం నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే వాయువే. బ్యాక్టీరియా దాన్ని ఆక్సీకరణం చేసి, వచ్చిన శక్తితో కార్బన్ డయాక్సైడ్‌ను ఆహారంగా మారుస్తాయి. రిఫ్టియా అనే పెద్ద గొట్టపు పురుగుకు నోరూ లేదు, జీర్ణనాళమూ లేదు. దాని ఒంట్లో ఒక ప్రత్యేక కణజాలం నిండా ఈ బ్యాక్టీరియానే. పైన కనిపించే ఎర్రటి కుంచె రక్తంలోని హీమోగ్లోబిన్ వల్ల ఎర్రగా ఉంటుంది. ఆ హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను, సల్ఫైడ్‌ను రెండింటినీ పట్టి లోపలి బ్యాక్టీరియాకు మోసుకెళ్తుంది. పురుగు ఒంట్లో ఇలా బ్యాక్టీరియా ఉండి దాన్ని పోషిస్తోందని మొదట ఊహించింది కొలీన్ కావనా. అప్పటికి ఆమె హార్వర్డ్‌లో విద్యార్థిని. 1981లో ఆ పరిశోధన అచ్చయింది.

ఇక అసలు చోటు. మెక్సికోకు దక్షిణంగా పసిఫిక్‌లో, తూర్పు పసిఫిక్ రైజ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణి మీద, 9 డిగ్రీల 50 నిమిషాల ఉత్తర అక్షాంశం దగ్గర ఒక బిలాల వరుస ఉంది. ఇక్కడ భూమి పలకలు ఏడాదికి సుమారు 11 సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్నాయి. సముద్రపు శ్రేణుల్లో ఇది చాలా వేగం. వేగం ఎక్కువైతే కింది శిలాద్రవం తరచూ పైకి వస్తుంది. అంటే బిలాలు తరచూ పుడతాయి, తరచూ చస్తాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మూడో ప్రశ్న దగ్గర మళ్లీ కావాలి.

1991 ఏప్రిల్‌లో ఆల్విన్ అక్కడికి దిగింది. అంతకుముందు పురుగులు, ఆల్చిప్పలు ఉన్నచోట తాజా లావా పరుచుకుని ఉంది. కాలిన కణజాలం ముక్కలు, తెగిన గొట్టాలు, లావా కింద సగం మునిగిన గుల్లలు. తర్వాత ఆ రాళ్లలోని రేడియోధార్మిక మూలకాలను కొలిస్తే, విస్ఫోటనం జరిగి కొన్ని వారాలే అయిందని తేలింది. అలాంటి సమయానికి అక్కడ ఉండటం శాస్త్రవేత్తలకు దక్కిన గొప్ప అవకాశం. దాన్ని వాళ్లు వదులుకోలేదు. శ్రేణి పొడవునా సుమారు 1.4 కిలోమీటర్ల మేర గుర్తులు పెట్టి, 1995 దాకా మళ్లీ మళ్లీ వెళ్లి అవే చోట్లు చూశారు.

మొదట కనిపించింది తెల్లదనం. పగుళ్లలోంచి మంచు తుంపరలాగా తెల్లటి పోగులు ఎగజిమ్ముతున్నాయి. బ్యాక్టీరియా తయారుచేసిన గంధకపు పోగులు అవి. రాళ్ల మీదంతా దట్టమైన బ్యాక్టీరియా చాప. ఆ దశలో పెద్దగా అతుక్కున్న జంతువులు లేవు. ఉన్నవల్లా అటూ ఇటూ తిరుగుతూ ఆ చాపను, చచ్చినవాటిని తినే పీతలూ వగైరా.

ఏడాది తిరిగేసరికి, 1992 మార్చికి, టెవ్నియా అనే చిన్న గొట్టపు పురుగు గుంపులుగా వచ్చేసింది. దాని గొట్టం ముడతలు ముడతలుగా ఉంటుంది. ఏడాదిలోపే కొన్నిచోట్ల 30 సెంటీమీటర్ల పొడవుకు వచ్చింది. 1993 డిసెంబర్‌కు, అంటే విస్ఫోటనం జరిగిన 32 నెలల లోపు, దృశ్యం మొత్తం మారిపోయింది. టెవ్నియా ఉన్నచోట ఇప్పుడు రిఫ్టియా, ఒకటిన్నర మీటర్లకు మించిన గొట్టాలతో. 1992 మార్చిలో ఇవి అక్కడ లేవు కాబట్టి, లెక్కవేస్తే ఏడాదికి 85 సెంటీమీటర్లకు పైగా పెరిగాయి. వెన్నెముక లేని సముద్రజీవుల్లో అంత వేగంగా గొట్టం కట్టే జీవి అప్పటికి ఎవరికీ తెలియదు. లోతు సముద్రంలో అన్నీ నత్తనడకేనని పాఠాల్లో చదువుకున్న మాకు ఆ అంకె మింగుడుపడటానికి టైం పట్టింది. ఆ తర్వాత బాతిమోడియోలస్ అనే ఆల్చిప్పలు పురుగుల మొదళ్ల దగ్గర చేరి, మెల్లగా గుంపులు కట్టాయి.

ఈ వరుస ఎందుకు? రసాయనం ఒక కారణం. కొత్త బిలం నీటిలో సల్ఫైడ్ చాలా ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ, వేడీ నిలకడగా ఉండదు. 1991 నుంచి 1995 లోపు అక్కడి నీటిలో సల్ఫైడ్ దాదాపు సగానికి తగ్గింది. ఎక్కువ సల్ఫైడ్‌ను తట్టుకునేది టెవ్నియా. అది తగ్గాక రిఫ్టియాకు అనుకూలం. ఇంకా తగ్గితే ఆల్చిప్పలకు. ఆల్చిప్పలు కాస్త నీటిని వడగట్టి కూడా తినగలవు, కాబట్టి పూర్తిగా బిలం మీదే ఆధారపడవు.

కానీ రసాయనం ఒక్కటే అయితే రిఫ్టియా ఎక్కడ పడితే అక్కడ, సల్ఫైడ్ తగ్గిన ప్రతిచోటా మొలవాలి. సముద్ర జీవశాస్త్రవేత్త లారెన్ ముల్లినో బృందం చిన్న దిమ్మెల్లాంటి పలకలను బిలాల దగ్గర పెట్టి, కొంతకాలం తర్వాత పైకి తెచ్చి, వాటి మీద ఏం అతుక్కున్నాయో లెక్కపెట్టింది. రిఫ్టియా పిల్లలు టెవ్నియా ఉన్న పలకల మీదే కనిపించాయి. ముందు వచ్చినవాళ్లు తర్వాత వచ్చేవాళ్లకు చోటు సిద్ధం చేస్తున్నారన్నమాట. అదే సమయంలో కొన్ని జీవులు వేరేవాటిని దిగనివ్వవు కూడా. ఇంకో విషయం: బిలం చేప ఒకటి, తెల్లగా ఈల్ చేపలా ఉంటుంది, చిన్న లింపెట్ నత్తలను ఏరుకుని తింటుంది. పలకలకు జాలీ కట్టి చేపను రానివ్వకపోతే ఆ నత్తలు పెరిగిపోయాయి. అంటే చిమ్మచీకట్లో కూడా ఎవరు ఎవరిని తింటారనేది ఊరి రూపాన్ని మారుస్తోంది.

ఇప్పుడు ప్రయాణం సంగతి. నాకు ఇష్టమైన భాగం ఇదే.

రిఫ్టియా లార్వాకు తిండి తినే పని లేదు. గుడ్డులో తల్లి పెట్టిన కొవ్వుతోనే గడుపుకోవాలి. మరి ఆ కొవ్వు ఎన్నాళ్లు వస్తుంది? 2001లో ఆడమ్ మార్ష్ తదితరులు ఈ లార్వాలను 2 డిగ్రీల చలిలో, సుమారు 250 వాతావరణాల పీడనంలో పెంచి, అవి ఎంత ఆక్సిజన్ వాడుతున్నాయో కొలిచారు. లెక్క తేల్చింది: సగటున 38 రోజులు. అక్కడి ప్రవాహాలను కూడా కలిపి చూస్తే, ఆ 38 రోజుల్లో లార్వా సాధారణంగా 100 కిలోమీటర్లు దాటదు. ఎందుకంటే శ్రేణి వెంబడి ప్రవాహం ఒకే దిశలో పోదు. కొన్నాళ్లు ఉత్తరానికి, మళ్లీ కొన్నాళ్లు దక్షిణానికి. ముందుకు పోయినదంతా వెనక్కి తెచ్చేస్తుంది. పైగా శ్రేణి మధ్యలో ఉండే సన్నటి లోయ గోడలు లార్వాలను అడుగునే పట్టి ఉంచుతాయి. సొంత ఊరికే తిరిగి చేరడానికి ఇది మంచిదే. దూరం పోవడానికి కాదు.

అయితే కొన్నిసార్లు గాలి దారి మార్చేస్తుంది. నిజంగా గాలే. మెక్సికో దక్షిణ తీరంలో టెహువాంటెపెక్ అఖాతం మీద, కొండల సందులోంచి చలికాలంలో బలమైన గాలులు వీస్తాయి. అవి సముద్రం పైభాగంలో వందల కిలోమీటర్ల వెడల్పున్న సుడులను పుట్టిస్తాయి. ఆ సుడులు పడమరకు జరిగి శ్రేణి మీదికి వచ్చినప్పుడు, వాటి ప్రభావం 2,500 మీటర్ల అడుగు దాకా చేరుతుందని డయాన్ ఆడమ్స్ బృందం 2011లో చూపించింది. అక్కడ వేలాడదీసిన ఉచ్చుల్లో లార్వాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. సుడి వాటిని ఎత్తుకుపోయిందన్నమాట. ఆకాశంలో వీచే గాలికీ, సూర్యుణ్ని ఎన్నడూ చూడని పురుగు పిల్లకూ ఇలాంటి సంబంధం ఉంటుందని ఇరవై ఏళ్ల కింద ఎవరైనా అంటే నేను నమ్మేవాణ్ని కాదు. అలా కొట్టుకుపోయిన లార్వాల్లో చాలావాటికి అదే చావు. ఎప్పుడో ఒకటి రెండు మాత్రం వేరే బిలం పైన తేలతాయి.

ఒక్కో జాతి తన పద్ధతిలో ఈ సమస్యను ఎదుర్కొంటుంది. చిమ్నీల గోడల మీద, వేడికి బాగా దగ్గరగా బతికే పాంపీ పురుగు పిండాలు 2 డిగ్రీల చలి నీటిలో పడితే ఎదుగుదల ఆపేస్తాయి. మళ్లీ వెచ్చని నీరు తగిలితేనే కొనసాగిస్తాయి. ఇది 2001లో ఫ్లోరెన్స్ ప్రాడియోన్ బృందం చూసింది. దారిలో వయసు వృథా కాకుండా ఆగిపోయే ఏర్పాటు అది. ఆల్చిప్పల పద్ధతి పూర్తిగా వేరు. వాటి గుడ్లు చిన్నవి, లార్వాలు నీటిలో తింటూ పెరుగుతాయి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో, వేడిలేని మీథేన్ ఊటల దగ్గర ఉండే వీటి దగ్గరి చుట్టాల లార్వాలు సముద్రపు పైపొరల దాకా ఈదుకుంటూ వస్తాయి. ఏడాదికి పైగా బతకగలవు. తూర్పు పసిఫిక్‌లో బిలాల ఆల్చిప్పల జన్యువులు వందల కిలోమీటర్ల మేర కలిసిపోయి ఉండటానికి ఇలాంటి దూరప్రయాణమే కారణం అయ్యుండాలి. బిలం పీత సంగతి ఇంకా చిత్రం. లార్వా దశలో దానికి నీలి వెలుతురును చూడగల మామూలు కళ్లుంటాయి. బిలం దగ్గర దిగి పెద్దదయ్యాక ఆ కటకాలు పోయి, ఉత్త రెటీనా మిగులుతుంది. పైనున్న నీళ్లలో ఒక కన్ను, కింద బిలం దగ్గర ఇంకో కన్ను.

సరే, బిలం దగ్గరకు వచ్చాక ఏం జరుగుతుంది? ఆఖరి కొన్ని మీటర్లలో లార్వాకు ఎంచుకునే అవకాశం కొంత ఉంటుంది. వెచ్చదనం, రసాయనాలు, రాతి మీది బ్యాక్టీరియా పొర, అప్పటికే దిగిన జీవులు ఇవన్నీ దిగడానికి ప్రేరేపిస్తాయి. రిఫ్టియాకు ఇంకో పరీక్ష ఉంది. దాని లార్వా బ్యాక్టీరియా లేకుండానే పుడుతుంది. తల్లి ఇవ్వదు. దిగిన చోటే సరైన బ్యాక్టీరియాను పట్టుకోవాలి. 2006 దాకా అవి నోటి ద్వారా వెళ్తాయని అందరం అనుకున్నాం, ఎందుకంటే పసి పురుగుకు చిన్న నోరు, పేగు ఉంటాయి. ఆ ఏడాది ఆండ్రియా నుస్‌బావ్‌మర్, చార్ల్స్ ఫిషర్, మోనికా బ్రైట్ చూపించిందేమిటంటే, బ్యాక్టీరియా చర్మం గుండా చొచ్చుకుపోతుంది. కొన్ని కణాలే. లోపల గూడు కట్టుకున్నాక చర్మంలోని ఆ దారి మూసుకుపోతుంది, నోరూ పేగూ క్షీణిస్తాయి. ఆ తర్వాత ఆ జీవి జీవితాంతం ఆ బ్యాక్టీరియా మీదే ఆధారం. కాబట్టి కొత్త బిలాన్ని పురుగు ఒక్కటే చేరితే చాలదు. దాని బ్యాక్టీరియా కూడా విడిగా, స్వేచ్ఛగా అక్కడికి వచ్చి ఉండాలి.

ఇదే మోనికా బ్రైట్, సబీనా గోల్నర్‌తో కలిసి 2023లో అదే 9 డిగ్రీల 50 నిమిషాల చోట ఇంకో పని చేశారు. లావా గడ్డకట్టినప్పుడు పైపొర కింద బోలు గదులు మిగులుతాయి. రోబోట్ చేత్తో ఆ పెంకులను పైకి లేపి చూశారు. కింద 25 డిగ్రీల వెచ్చటి నీటిలో, రిఫ్టియా, టెవ్నియా పెద్ద పురుగులు, నత్తలు బతుకుతూ కనిపించాయి. ఆ ఫలితం 2024లో అచ్చయింది. దీన్నిబట్టి లార్వాలు పైనుంచి ప్రవాహంతో పాటు పగుళ్లలోంచి కిందికి దిగి, రాతి లోపలి నీటి దారుల్లో కూడా వ్యాపిస్తూ ఉండొచ్చు. ఎంత దూరం, ఎంత మోతాదులో అన్నది ఇంకా తేలాల్సి ఉంది. నా ఉద్దేశంలో ఈ రంగంలో గత పదేళ్లలో వచ్చిన ఫలితాల్లో అతి ముఖ్యమైనది ఇదే. విస్ఫోటనం తర్వాత అక్కడ ఏమీ మిగల్లేదని పైనుంచి ఫోటోలు చూసి చెప్పినప్పుడల్లా ఇకమీదట అడుగుభాగం గురించి కూడా అడగాలి.

ఇప్పుడు రెండో విస్ఫోటనం. 2005 చివర్లో, 2006 జనవరిలో అదే చోట మళ్లీ లావా పొంగింది. సముద్రపు అడుగున భూకంపాలు కొలిచే 12 పరికరాలు అక్కడ ఉన్నాయి. ఏప్రిల్‌లో వాటిని పిలిస్తే 8 పైకి రాలేదు. లావాలో ఇరుక్కున్నాయి. శ్రేణి వెంట సుమారు 18 కిలోమీటర్ల మేర లావా పరుచుకుంది. అంటే పక్కనే ఉండి పిల్లలను పంపే పాత ఊళ్లు కూడా తుడిచిపెట్టుకుపోయాయి.

విస్ఫోటనానికి ముందు నుంచీ ముల్లినో బృందం అక్కడ లార్వాల ఉచ్చులు, పలకలు పెట్టి కొలుస్తూ ఉంది. తర్వాతా కొలిచింది. అందుకే పోల్చి చూడటం కుదిరింది. ముందు ఎక్కువగా దిగే నత్త లెపెటోడ్రిలస్ ఎలివేటస్. తర్వాత అది కనిపించడం తగ్గింది. దాని బదులు రెండు నత్తలు ముందుకొచ్చాయి. ఒకటి లెపెటోడ్రిలస్ టెవ్నియానస్, అంతకుముందు అరుదు. రెండోది టెనోపెల్టా పోరిఫెరా. ఇది అంతకుముందు ఆ చోట అసలు నమోదే కాలేదు. దాని దగ్గరి ఊరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉంది, 300 కిలోమీటర్లకు పైగా దూరం. ఈ నత్త లార్వా తినకుండా సొంత నిల్వతో గడిపేది. అంత దూరం రావడం మా లెక్కల ప్రకారం కష్టం. అయినా వచ్చింది. రోజూ కొద్దికొద్దిగా దూరం నుంచి వచ్చే లార్వాలు ముందూ ఉండి ఉండొచ్చు. పక్కనున్న వాళ్ల లార్వాలు గుంపుగా దిగుతున్నంతకాలం వాటికి చోటు దొరకదు. పక్కింటివాళ్లు లేకపోయేసరికి దూరపువాళ్లకు అవకాశం వచ్చింది.

చోటు అదే, విస్ఫోటనమూ అలాంటిదే. అయినా ఊరి కూర్పు మారింది. 11 ఏళ్ల తర్వాత చూసినా ఆ కూర్పు ఇంకా మారుతూనే ఉంది. అందుకే "రెండేళ్లలో తిరిగి వచ్చేశాయి" అనే మాటను నేను ఒప్పుకోను. రెండేళ్లలో వచ్చింది ఎర్రటి కుంచెల దృశ్యం. జాతుల జాబితా మొత్తం తిరిగి రావడానికి పట్టే కాలం వేరే. 2025 ఏప్రిల్ చివర ఆల్విన్ అక్కడికి దిగితే, టీకా అనే పేరున్న బిలం తాజా లావా కింద పోయి ఉంది. కిందటి రోజు దాకా ఉన్న పురుగుల గుంపు లేదు. అంటే మూడోసారి ఆట మొదలైంది. ఈసారి ముందున్న లార్వాల కొలతలు చేతిలో ఉన్నాయి కాబట్టి ఈ మాటలన్నీ ఎంతవరకు నిలుస్తాయో రానున్న కొన్నేళ్లలో తేలుతుంది.

ఇక గనుల ప్రశ్న. బిలాలు పేరబెట్టే గంధకపు రాళ్లలో రాగి, జింకు, కొద్దిగా బంగారం, వెండి ఉంటాయి. వాటి కోసం అన్వేషణకు అంతర్జాతీయ సముద్రగర్భ అథారిటీ దేశాలకు కాంట్రాక్టులు ఇస్తోంది. భారత్‌కు 2016లో హిందూమహాసముద్రంలో 10,000 చదరపు కిలోమీటర్ల మీద 15 ఏళ్ల అన్వేషణ కాంట్రాక్టు దక్కింది. 2025లో అదే మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ శ్రేణి మీద ఇంకో కాంట్రాక్టు. 2024 డిసెంబర్‌లో గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం (ఎన్‌సీపీఓఆర్), చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) శాస్త్రవేత్తలు మానవరహిత వాహనంతో సుమారు 4,500 మీటర్ల లోతున క్రియాశీలంగా ఉన్న బిలాన్ని ఫోటో తీశారు. కాబట్టి ఇది మనకు ఎక్కడో దూరపు సంగతి కాదు.

కానీ పసిఫిక్ కథను తెచ్చి ఇక్కడ అతికించకండి. అక్కడ భూమి పలకలు ఏడాదికి 11 సెంటీమీటర్లు విడిపోతుంటే, నైరుతి హిందూమహాసముద్ర శ్రేణిలో సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లే. విస్ఫోటనాలు అరుదు, బిలాలు దూరదూరంగా, వేల ఏళ్లపాటు ఉండేవి. తరచూ చచ్చి పుట్టే చోట్లలో బతికే జీవులకు త్వరగా పెరగడం, దూరం చెదరడం అలవాటు. వేల ఏళ్లు నిలకడగా ఉన్న చోట్ల జీవులకు ఆ అవసరం పడలేదు. పైగా ఇక్కడి జాతులే వేరు. అట్లాంటిక్‌లో బిలాలను ముంచెత్తే రొయ్యలు, పసిఫిక్‌లో గొట్టపు పురుగులు రాజ్యమేలితే, హిందూమహాసముద్రంలో రొయ్యలతో పాటు పొలుసుల పాదం నత్త ఉంది. దీన్ని 2001లో కైరే బిలం దగ్గర కనుగొన్నారు. దాని పాదం నిండా ఇనుప సల్ఫైడ్ పూత ఉన్న పొలుసులు. మనం పైన చూసిన టెనోపెల్టాకు ఇది ఒకే కుటుంబంలోని చుట్టం. ఈ నత్త కొద్ది బిలాల దగ్గరే ఉంది. నైరుతి శ్రేణి మీది లాంగ్‌చీ బిలం నత్తలకూ, మధ్య హిందూమహాసముద్ర శ్రేణి నత్తలకూ జన్యువుల రాకపోకలు చాలా తక్కువని 2015లో తేలింది. 2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దాన్ని అంతరించే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. సముద్రగర్భ గనుల ముప్పు కారణంగా ఆ జాబితాకెక్కిన మొదటి జీవి అదే.

అక్కడ ఒక బిలాన్ని పెకలిస్తే, తిరిగి నింపడానికి పక్క ఊరు ఉండకపోవచ్చు. ఉన్నా దాని లార్వాలు ఆ దూరం దాటకపోవచ్చు. విస్ఫోటనం రాతిని కొత్తగా పరుస్తుంది, వేడినీటి దారులను కొత్తగా తెరుస్తుంది. గనుల యంత్రం రాతిని తీసుకుపోతుంది, లేపిన బురద చుట్టుపక్కల వడగట్టి తినే జీవుల మీద పడుతుంది. రెండూ ఒకే రకం దెబ్బ కాదు. కాబట్టి మన కాంట్రాక్టు ప్రాంతంలో తవ్వకం గురించి మాట్లాడే ముందు కావలసినవి ఇవి: కనీసం కొన్నేళ్ల పాటు లార్వాల ఉచ్చులు, ఒక్కో బిలం జీవుల జన్యు పోలికలు, అడుగు ప్రవాహాల కొలతలు. పసిఫిక్‌లో 2006కు ముందే ఉచ్చులు పెట్టి ఉంచారు కాబట్టే ఏం మారిందో చెప్పగలిగారు. మీరు ఎమ్మెస్సీ చదువుతున్నారని రాశారు కదా, మీకు ఆసక్తి ఉంటే లార్వాలను మైక్రోస్కోప్ కింద వేరుచేయడం, డీఎన్ఏతో గుర్తుపట్టడం ఇప్పటి నుంచే నేర్చుకోండి. మన దేశంలో ఈ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే, రానున్న అయిదారేళ్లలో అవసరం చాలా ఎక్కువ. రిఫ్టియా లార్వా ఫోటోల్లో ఎలా ఉంటుందో, ఇతర పురుగుల లార్వాల నుంచి దాన్ని ఎలా వేరుచేస్తారో అడిగితే విడిగా రాస్తాను.